259వ రోజు

గురుగ్రామ్ సివిల్ హాస్పిటల్. జూన్ నెల. ఎనిమిది కాకముందే ఎండ చుర్రుమంటోంది. గర్భిణుల వరస గుమ్మం దాటి వరండాలోకి వచ్చేసింది. చేతుల్లో కార్డులు, ప్లాస్టిక్ సంచుల్లో పాత రిపోర్టులు, కొందరి కొంగు పట్టుకుని పెద్దపిల్లలు. మీరు లోపలి గదిలో బల్లకి ఒక మూలగా కూర్చున్నారు. పీహెచ్‌డీ రెండో ఏడు. నెలలు నిండకుండా వచ్చే కాన్పుల్లో జన్యువుల పాత్ర మీ అంశం. పైపెట్లు, సర్వర్లు ఊహించుకుని హైదరాబాద్‌లో రైలెక్కారు. గైడ్ మాత్రం, "డీఎన్‌ఏ ఎక్కడికీ పోదు. ముందు వెళ్ళి నీ డేటా ఎలా పుడుతుందో చూడు" అని ఇక్కడికి పంపారు.

ఇది 'గర్భిణి' అధ్యయనం. 2015 మే నెలలో మొదలైంది. ఇరవై వారాలు దాటకముందే ఈ ఆసుపత్రికి వచ్చిన స్త్రీలను, వాళ్ళు ఒప్పుకుంటే చేర్చుకుని, కాన్పు అయి ఇంటికెళ్ళాక కూడా కొన్నాళ్ళు వెంట ఉంటారు. నడిపేది ఫరీదాబాద్‌లోని టీహెచ్‌ఎస్‌టీఐ అనే కేంద్ర పరిశోధన సంస్థ. వేల మంది తల్లులు. ఒక్కొక్కరి దగ్గర పలుమార్లు రక్తం, లాలాజలం, మూత్రం తీసుకుంటారు. కాన్పునాడు బొడ్డుతాడు రక్తం, మాయలోంచి చిన్న ముక్క.

తర్వాతి పేరు పిలిచారు. ఇరవై రెండేళ్ళుంటాయేమో, పక్కన అత్తగారు. నర్సు పెన్ను తీసింది.

"దీదీ, ఆఖరిసారి నెలసరి ఎప్పుడొచ్చింది?"

"హోలీ అయిన నాలుగు రోజులకి."

"అయిదు," అంది అత్తగారు. "ఆ వేళ కోడలు గుడికి రానంది. నాకు బాగా గుర్తు."

"నాలుగే, అమ్మాజీ."

మీ హిందీ ఇంకా తడబడుతూనే ఉంది. అయినా ఈ తగాదా అర్థమవుతుంది. పొద్దుటి నుంచి ఇలాంటివే వింటున్నారు. ఒకామె ఆడపడుచు పెళ్ళి ముందువారం అంది, ఇంకొకామె గోధుమ కోతలప్పుడు అంది. క్యాలెండర్ తేదీ చెప్పినవాళ్ళు తక్కువ. నర్సు చిరాకుపడదు. గోడ మీది క్యాలెండర్లో హోలీని వెతికి నాలుగు గడులు ముందుకు జరిగి ఒక తేదీ రాస్తుంది. అట్టతో చేసిన గుండ్రటి చక్రం తిప్పుతుంది. ఈ రోజుకి 13 వారాల 3 రోజులు.

మీరు ఆ అమ్మాయి వెనకే స్కాన్ గదిలోకి వెళ్తారు. చీకటి, ఏసీ చప్పుడు, చల్లటి జెల్లు తగలగానే ఆ అమ్మాయి ఉలిక్కిపడటం. తెర మీద బూడిద రంగు గోళం, అందులో బొటనవేలంత మనిషి. డాక్టరు పిండం తల కొస మీద ఒక చుక్క, పిర్ర చివర ఒక చుక్క పెట్టి మధ్యన గీత లాగుతారు. 54 మిల్లీమీటర్లు. యంత్రం దాన్ని వయసుగా మార్చి చెబుతుంది: 12 వారాలు.

పది రోజులు తేడా.

"హోలీ తప్పా, స్కాన్ తప్పా?" అని గుసగుసగా అడుగుతారు మీరు. డాక్టరు తెర మీంచి చూపు తిప్పకుండానే చెబుతారు. రెండూ తప్పు కాకపోవచ్చు. చక్రం లెక్క వేసేది ఇరవై ఎనిమిది రోజులకోసారి నెలసరి వచ్చే స్త్రీకి, పద్నాలుగో రోజున అండం విడుదలయ్యే స్త్రీకి. ఈమెకి ఇరవై నాలుగో రోజున విడుదలై ఉంటే పది రోజులు అక్కడే పోయాయి. ఈ దశలో వారం కన్నా ఎక్కువ తేడా వస్తే స్కాన్ మాటే చెల్లుతుంది. కార్డు మీద చక్రం లెక్క కొట్టేసి 12 వారాలు అని రాస్తారు.

ఊదా రంగు మూత గొట్టంలోకి రక్తం తీశారు. సమ్మతి పత్రం చదివి వినిపించారు. భర్త లాలాజలం కూడా ఇవ్వాలి అనేసరికి, బయట కూర్చున్న అతను లేచొచ్చాడు. "మోసేది తనైతే నా ఉమ్మి దేనికి, సిస్టర్‌జీ?" గదిలో అందరూ నవ్వారు. ప్రశ్న మాత్రం మంచిది. మీ థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం దానికి జవాబే.

డిసెంబర్. తెల్లవారుజామున ఫోన్. పొగమంచులో ఆటో దొరికి మీరు లేబర్ వార్డు చేరేసరికి కాన్పు అయిపోయింది. జూన్‌లో చూసిన అమ్మాయే. నొప్పులు వాటంతటవే వచ్చాయి. పాప. తల్లి గుండె మీద దుప్పటి కింద పడుకోబెట్టారు. స్టీలు బేసిన్‌లో మాయ ఇంకా వెచ్చగా ఉంది. టెక్నీషియన్ చేతులు చకచకా కదులుతున్నాయి. ఆలస్యమైతే మాయ కణాల్లోని ఆర్‌ఎన్‌ఏ చెడిపోతుంది. అప్పుడు ఏ జన్యువు ఆ వేళ పనిచేస్తోందో ఇక తెలియదు. గొట్టాలకి బార్‌కోడు అంటించి, డబ్బాలో పెట్టారు.

మీరు ఫోన్లో లెక్క వేస్తారు. నెలలు నిండటం అంటే 37 వారాలు పూర్తి కావడం, అంటే 259 రోజులు. అంతకు ఒక్క రోజు ముందు పుట్టినా నెలలు నిండని బిడ్డే. ఆ అమ్మాయి చెప్పిన హోలీ లెక్కన ఇవాళ్టికి 262 రోజులు. పాపకి నెలలు నిండాయి. స్కాన్ లెక్కన 252. నిండలేదు. మీ కంప్యూటర్లో ఆమె పేరు ఉండదు, ఒక నంబరు ఉంటుంది, దాని పక్కన ఒక గడి. నెలలు నిండకపోతే అందులో 'కేసు' అని, నిండితే 'కంట్రోల్' అని రాయాలి. ఒకే తల్లి, ఒకే పాప, ఒకే డీఎన్‌ఏ. చక్రాన్ని నమ్మితే ఒక వైపు, స్కాన్‌ని నమ్మితే ఇంకో వైపు.

సరే, స్కాన్‌నే నమ్ముదామన్నా ఆ 54 మిల్లీమీటర్లను వయసుగా మార్చిన సూత్రం ఎవరిది? ప్రపంచమంతా ఎక్కువగా వాడే హాడ్‌లాక్ సూత్రం అమెరికా స్త్రీల స్కాన్ల నుంచి వచ్చింది. అందుకే ఐఐటీ మద్రాస్ వాళ్ళూ టీహెచ్‌ఎస్‌టీఐ వాళ్ళూ కలిసి, ఈ ఆసుపత్రిలో తీసిన స్కాన్లతోనే 'గర్భిణి-1' అని సొంత సూత్రం కట్టారు. రకరకాల సూత్రాలను ఒకే తల్లుల మీద ప్రయోగించి చూస్తే, నెలలు నిండని కాన్పుల శాతం సూత్రాన్ని బట్టి సుమారు 11 నుంచి 16 దాకా మారింది. తల్లులు మారలేదు, పిల్లలు మారలేదు. 2020లో ప్రపంచంలో 1 కోటీ 34 లక్షల మంది పిల్లలు నెలలు నిండకుండా పుట్టారనీ, వారిలో 30 లక్షల మంది మన దేశంలోనే అనీ అంచనా. ఈ అంకెని ఎన్నోసార్లు మీ స్లైడ్ల మీద పెట్టుకున్నారు. ఈ ఉదయం తర్వాత దాన్ని చూసే చూపు మారుతుంది. అబద్ధమని కాదు. ప్రతి అంకె వెనకా ఒక చక్రం, ఒక గీత ఉన్నాయి.

పక్క మంచం మీద ఇంకో తల్లి. 34 వారాలు. ఆమె తల్లి మంచం పట్టె పట్టుకుని ఏడుస్తోంది. ఏడో నెలలో పుడితే బతుకుతుంది గానీ ఎనిమిదో నెలలో పుడితే దక్కదని ఆవిడ భయం. మన ఊళ్ళలోనూ వినేమాటే ఇది. దీనికి ఆధారం లేదు. కడుపులో గడిచే ఒక్కో వారం బిడ్డ ఊపిరితిత్తులకి బలమే. ఎనిమిదో నెల బిడ్డకి ఏడో నెల బిడ్డ కన్నా అవకాశాలు మెరుగు. నర్సు అదే చెబుతోంది, ఆవిడ వినే స్థితిలో లేదు.

మీరు కేస్‌షీట్ తిరగేస్తారు. బీపీ 160/110. మూత్రంలో ప్రొటీన్. తల్లి ప్రాణానికి ముప్పని డాక్టర్లే మందులిచ్చి కాన్పు తెప్పించారు. అంటే ఆమె శరీరం తనంతట తాను గడువు ముందు తలుపు తీయలేదు. కాబట్టి ఆమె మీకు కేసు కాదు. నెలలు నిండలేదు కాబట్టి కంట్రోల్ కూడా కాదు. జాబితాలోంచి తీసేయాలి. కవలలనీ తీసేస్తారు, తీవ్రమైన అవయవ లోపాలున్న గర్భాలనీ తీసేస్తారు. ఉమ్మనీరు ముందే పోయిన తల్లుల్ని ఉంచాలా, విడిగా చూడాలా అన్నది ఇంకో చర్చ. ఒక్కో కేస్‌షీట్‌కీ డాక్టరు చేతిరాత ఒక పరీక్ష. ఈ పని గురించి ఏ పేపర్లోనూ రెండు వాక్యాలు మించి రాయరు. నాకైతే థీసిస్‌లో సగం బరువు ఇక్కడే అనిపిస్తుంది.

గురుగ్రామ్ నుంచి ఫరీదాబాద్ వెళ్ళే దారి ఆరావళి పొదల మధ్యగా పోతుంది. కోల్డ్ బాక్స్ మీ కాళ్ళ దగ్గర. టీహెచ్‌ఎస్‌టీఐలో మైనస్ ఎయిటీ ఫ్రీజర్ల గది, అలారం దీపాలు, గ్లోవ్స్ వేసుకున్నా వేళ్ళు కొంకర్లు పోయే చలి. నంబరు స్కాన్ చేసి, అరలో పెట్టి, తలుపు మూస్తారు. అక్కడ పెద్దగా చూడాల్సింది లేదు.

కల్యాణి. కోల్‌కతా నుంచి లోకల్ రైల్లో వచ్చి దిగారు. చెట్లు, సైకిల్ రిక్షాలు, తేమ. జాతీయ జీవవైద్య జన్యుశాస్త్ర సంస్థ ఇక్కడే ఉంది. ఈ అధ్యయనంలో జన్యువుల భాగం చూసేది వీళ్ళే. ఎట్టకేలకు మీరు ఊహించుకున్న పని. రక్తంలోంచి డీఎన్‌ఏ తీస్తారు. ఆల్కహాల్ పోయగానే గొట్టంలో తెల్లటి పోగులా తేలుతుంది. చిన్న చుక్క యంత్రంలో పెట్టి శుద్ధత చూస్తారు. రీడింగ్ 1.8 దగ్గరుంటే నిశ్చింత. తర్వాత చిప్. గాజు పలక మీద లక్షల చుక్కలు. ఒక్కో చుక్క ఆ డీఎన్‌ఏలో ఒక్కో చోట ఏ అక్షరం ఉందో చెబుతుంది. చిప్ చదవని చోట్లను ముందే పూర్తిగా చదివి పెట్టిన జన్యుపటాలతో పోల్చి కంప్యూటర్ ఊహిస్తుంది.

ఆ పటాల్లో అందరూ వాడేది 1000 జీనోమ్స్. 2015లో వెలువడిన తుది విడతలో 2,504 మంది ఉన్నారు. డౌన్‌లోడ్ అయ్యాక మీరు జాబితా తెరుస్తారు. దక్షిణాసియా కింద ఐదు సమూహాలు: హూస్టన్‌లోని గుజరాతీలు, లాహోర్ పంజాబీలు, బంగ్లాదేశ్ బెంగాలీలు, బ్రిటన్‌లోని శ్రీలంక తమిళులు, బ్రిటన్‌లోని తెలుగువాళ్ళు. ఆఖరి పేరు చూసి పెదాల మీదికి చిన్న నవ్వు వస్తుంది. 102 మంది మనవాళ్ళు. ఆ నవ్వు అక్కడే ఆగిపోతుంది. ఐదింటిలో ఒక్కటి కూడా ఇండియా నేల మీద సేకరించింది కాదు. హర్యానా తల్లుల డీఎన్‌ఏలో ఖాళీలు పూరించడానికి హూస్టన్‌నీ బ్రిటన్‌నీ అడగాల్సి వస్తోంది. ఇక్కడా కొలబద్ద ఇంకొకరిదే.

తెర మీద తల్లులందరినీ చుక్కలుగా పరుస్తారు. పోలిక ఉన్నవాళ్ళు దగ్గరగా, లేనివాళ్ళు దూరంగా. లాహోర్ ఒక కొసన, బ్రిటన్ తెలుగు, తమిళులు ఇంకో కొసన. గురుగ్రామ్ తల్లులు వాటి మధ్య సాగిన తోకలా ఉన్నారు. ఆ ఊరికి పని కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు. ఇది తేల్చకుండా ముందుకెళితే ఏమవుతుంది? ఒక ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళకి పేదరికం వల్ల ముందస్తు కాన్పులు ఎక్కువ అనుకోండి. ఆ ప్రాంతపు వాళ్ళలో సహజంగా ఎక్కువ కనిపించే ప్రతి జన్యు తేడా మీకు నేరస్తుడిలా కనిపిస్తుంది. పైగా మనది కులం లోపలే పెళ్ళిళ్ళు చేసుకున్న దేశం. హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, హార్వర్డ్‌కి చెందిన రైక్ బృందాలు దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలను చూసి, 2017లో ఒక సంగతి బయటపెట్టాయి. వాటిలో 81 సమూహాలు ఫిన్లాండ్ వాళ్ళ కన్నా ఎక్కువగా కొద్దిమంది పూర్వీకుల నుంచే దిగివచ్చాయి. వాటిలో మన వైశ్యులూ ఉన్నారు. మీరు లెక్కల్లో దీన్నంతా సర్దుతారు. సర్దారని మీకు మీరు నమ్మకం కుదుర్చుకోవడానికి ఇంకాస్త సమయం పడుతుంది.

రాత్రి రన్ పెట్టి పడుకుని, పొద్దున్నే లాప్‌టాప్ తెరుస్తారు. ఇరవై మూడు క్రోమోజోములు వరసగా, వాటి మీద లక్షల చుక్కలు, అక్కడక్కడా పైకి లేచిన గోపురాలు. పైన ఒక ఎర్ర గీత. లక్షల చోట్ల పరీక్షిస్తే కొన్ని ఊరికే కాకతాళీయంగా కలిసొస్తాయి. అందుకే ఈ రంగంలో 2 కోట్లలో ఒక్కసారి మాత్రమే కాకతాళీయం అనిపించేంత గట్టి సాక్ష్యం ఉంటే తప్ప గీత దాటినట్టు ఒప్పుకోరు. ఎంతమంది తల్లులుంటే గీత అంత అందుతుంది.

2017లో ఆ గీతను దాటి చూపించింది అమెరికాలోని సిన్సినాటిలో లూయిస్ ముగ్లియా బృందం. 43,568 మంది తల్లులు. ట్వంటీత్రీ అండ్ మీ అనే కంపెనీకి లాలాజలం పంపినవాళ్ళు. తమ తొలికాన్పు ఎన్ని వారాలకి అయిందో వాళ్ళు స్వయంగా చెప్పిందే ఆధారం. అంటే అక్కడా జ్ఞాపకమే! సంఖ్య పెద్దది కాబట్టి తప్పులు ఒకదాన్నొకటి మింగేశాయి. నార్వే, డెన్మార్క్, ఫిన్లాండ్ తల్లుల దగ్గర సరిచూస్తే ఫలితం నిలిచింది. ఈబీఎఫ్1, ఈఈఎఫ్‌ఎస్‌ఈసీ, ఏజీటీఆర్2 అనే మూడు జన్యువుల దగ్గరి తేడాలకి గర్భకాలంతో పాటు ముందస్తు కాన్పుతోనూ సంబంధం తేలింది. వీటిలో రెండోది సెలీనియంని ప్రొటీన్లలోకి చేర్చే యంత్రాంగంలో భాగం. 2023లో యూరప్ బృందాలు 1,95,555 మందితో గర్భకాలానికి సంబంధించి 22 చోట్లు పట్టాయి. అదే ఏడు 'గర్భిణి' నుంచి, 6,211 మంది తల్లుల డీఎన్‌ఏతో, 19 గుర్తులు వెలువడ్డాయి. వాటిలో ఐదు 33 వారాల లోపు కాన్పుల ముప్పుతో ముడిపడ్డవి. తల్లుల సంఖ్య చూస్తే యూరప్ ముందు మనది చిన్నది. ప్రతి కాన్పు వెనకా స్కాన్ తేదీ ఉంది, అది దీని బలం.

ఇక ఆ భర్త ప్రశ్న. కడుపులో ఇద్దరి జన్యువులు పనిచేస్తుంటాయి. గర్భసంచి తల్లిది, మాయ బిడ్డది. బిడ్డలో సగం తండ్రిది. తల్లిలో ఒక తేడా దొరికితే అది తల్లి శరీరంలో పనిచేసి కాన్పుని ముందుకు తెచ్చిందా, లేక బిడ్డకి దాటి అక్కడ పనిచేసిందా? తల్లిలో ప్రతి జన్యువుకీ రెండు ప్రతులుంటాయి; బిడ్డకి వెళ్ళేది ఒక్కటే. వెళ్ళకుండా తల్లిలోనే మిగిలిపోయిన ప్రతి కూడా గర్భకాలాన్ని కదుపుతోంటే, దోషం బిడ్డ మీద వేయలేం. తండ్రి నుంచి వచ్చిన ప్రతి కదుపుతోంటే తల్లిని అనలేం. ఈ ఇరుకు దారిలో నడవడానికే ఆయన ఉమ్మి అవసరమైంది. 2017లో దొరికిన గుర్తులు తల్లి వైపు నుంచే పనిచేస్తున్నాయని ఇలాంటి తల్లీబిడ్డల జతలతోనే తేల్చారు. బిడ్డ వైపు నుంచి కూడా ఒక గుర్తు, రెండో క్రోమోజోమ్ మీద వాపుకి సంబంధించిన జన్యువుల దగ్గర, 2019లో దొరికింది. మన దగ్గర ఏ ఆడమనిషి నెలలు నిండకుండా కన్నా ఒళ్ళు జాగ్రత్త లేదనే మాట ఆమెకే తగులుతుంది. ఈ లెక్క ఒక్కసారి అలా అనే అత్తగార్లకి చూపించాలనిపిస్తుంది.

సలహా కమిటీ సమావేశం. బల్లకి అటు నలుగురు, ఇటు మీరు, మధ్యలో చల్లారిన టీ. మీరు మూడు వరసల పట్టిక చూపించారు. నెలసరి తేదీ ప్రకారం కేసులు, హాడ్‌లాక్ ప్రకారం, గర్భిణి-1 ప్రకారం. గోపురాల ఎత్తులు మూడింటిలో మూడు రకాలు.

గణాంకాల ప్రొఫెసర్ కళ్ళజోడు పైకి నెట్టారు. "స్కాన్‌లో చిన్నగా కనిపించిన పిండం వయసు తక్కువదని రాసుకున్నావ్. వయసు సరిగ్గానే ఉండి, నెమ్మదిగా పెరిగే పిండమైతే?"

ఈ ప్రశ్న మీకూ చాలా రాత్రులు నిద్ర పట్టనివ్వలేదు. తొలి వారాల్లో పిండాలన్నీ ఒకే తీరున పెరుగుతాయన్న నమ్మకం మీదే స్కాన్ వయసు నిలబడింది. ఎదుగుదలని కాస్త నెమ్మది చేసే జన్యువు ఒకటుంటే, దాని బిడ్డలందరి వయసూ తక్కువగా రాసుకుంటాం. అప్పుడు వాళ్ళంతా ముందే పుట్టినట్టు కనిపిస్తారు. ఎదుగుదల జన్యువు కాన్పు జన్యువు వేషం వేసుకుని గోపురమెక్కి కూర్చుంటుంది.

"అందుకే సర్, నెలసరి లెక్క, స్కాన్ లెక్క దగ్గరగా ఉన్న తల్లుల్ని విడదీసి మళ్ళీ చేస్తాను."

"సంఖ్య పడిపోతుంది."

"పడిపోతుంది సర్."

"ఈ జాబితా చూసి ఒక గర్భిణికి నీకు నెలలు నిండవమ్మా అని చెప్పగలవా?" కమిటీలోని ఆబ్‌స్టెట్రిషియన్ మేడమ్.

"లేదు మేడమ్. ఒక్కో తేడా ప్రభావం మరీ చిన్నది. రోజుల్లోనో గంటల్లోనో ఉంటుంది. ఇంతకు ముందు ఒకసారి నెలలు నిండకుండా కన్నారా అని అడిగితే వచ్చే జవాబు ఇప్పటికీ నా పట్టిక కన్నా ఎక్కువ చెబుతుంది."

"మరి దేనికి ఇదంతా?"

"నొప్పులు ఎప్పుడు మొదలవ్వాలో శరీరం ఎలా నిర్ణయిస్తుందో ఇంకా పూర్తిగా తెలియదు కదా మేడమ్. మందు కనిపెట్టాలంటే ఎక్కడ వెతకాలో తెలియాలి. సెలీనియం వైపు చూడమని చెప్పింది డీఎన్‌ఏ."

ఆవిడ తల ఊపలేదు, కాదనలేదు. కాగితం మీద ఏదో రాసుకున్నారు. గణాంకాల ప్రొఫెసర్ మళ్ళీ అందుకున్నారు. "అసలు 259 దగ్గర కోత ఎందుకు? 258వ రోజున పుట్టినవాడూ 260వ రోజున పుట్టినవాడూ ఇద్దరు వేర్వేరు మనుషులా? కేసు, కంట్రోల్ పక్కన పెట్టి రోజుల్నే రోజులుగా ఇచ్చి చూడు. రెండూ పక్కపక్కన పెట్టు. అప్పుడు మాట్లాడదాం."

హాస్టల్ గదికి రాగానే సర్వర్లోకి లాగిన్ అవుతారు. ఫలితం గడిలో కేసు, కంట్రోల్ తీసేసి రోజుల సంఖ్య పెడతారు. తేదీలు సరిపోలిన తల్లుల జాబితా వేరే ఫైలుగా తీస్తారు. మొదటిసారి కామా తేడా వచ్చి స్క్రిప్టు ఆగిపోతుంది. సరిచేసి మళ్ళీ పెడతారు. క్యూలో మీకన్నా ముందు పద్నాలుగు జాబులు ఉన్నాయి.